ఓరగా కూర్చునే మనిషి

గాలిమరల కంట్రోల్ రూమ్‌లో అతని కుర్చీ ఒక్క నిమిషం కుదురుగా ఉండదు. ముందు మర గాలికి ఎదురు నిలబడితే వెనక మరలకు మిగిలేది సుడులు తిరిగే ఎంగిలి గాలే. అందుకే ముందుదాన్ని కాస్త పక్కకు తిప్పిస్తాడు. "ఆ ముందు మర ఎందుకు నీరసించింది?" అని పైఅధికారి ఫోన్ చేస్తే, "వరస మొత్తం మీద కరెంటు ఎంత పెరిగిందో చూడండి సార్" అంటాడు, కాలు ఊపుతూనే. ఇంట్లోనూ అంతే. భోజనానికి ఫ్యాను ముందు కూర్చుని, వెనక పడక్కుర్చీలో ఉన్న అమ్మకు గాలి అందాలని భుజం ఓరగా తిప్పి, మెడ పట్టేసినా అలాగే తింటాడు. నిన్న ఆవిడ శాలువా కప్పుకుంటూ అంది. "తిన్నగా కూర్చోరా నాయనా. నువ్వు నొచ్చుకుంటావని ఇన్నాళ్లూ చెప్పలేదు గానీ, ఆ గాలికి వణికి చస్తున్నా." అతను తిన్నగా కూర్చున్నాడు. రెండు ముద్దలు తినేలోగా భుజం దానంతటదే పక్కకు తిరిగింది. ఆవిడ శాలువాను తలమీదికి లాక్కుంది.