హుఫూఫ్ ఇసుకలో చెక్కబండి

“ఆంటీ, ఆ రోజు నా బండి వెనక ఎవరైనా ఉన్నారా?” అని అడిగింది పాప, నేను సౌదీ వదిలి ఇంటికొచ్చే రోజు దమ్మామ్ ఎయిర్‌పోర్టులో నా సంచి నా చేతికిస్తూ. “నేను చూడలేదమ్మా” అన్నాను వచ్చీరాని ఇంగ్లీషులో. మేం ఎదురెదురుగా మాట్లాడుకున్న చివరి మాటలు అవే.

ఇప్పుడా పాపకే బిడ్డ పుట్టిందట. ఆ బండి సంగతి నువ్వు చూసింది చూసినట్టు రాయించి పంపు, బిడ్డ కోసం దాచిపెడతానని మొన్న ఫోన్లో కబురు పెట్టింది. నాకు సంతకం తప్ప రాయడం రాదు కనుక మా తమ్ముడి కూతురు రాస్తోంది. “అత్తా, మెల్లగా చెప్పు, చెయ్యి పడిపోతాంది” అని అప్పుడే విసుక్కుంటోంది కూడా.

మొగుడు పోయాక నాలాగా సౌదీకి విమానమెక్కిన ఆడవాళ్ళకు తెలుసు, ఎవరింట్లో పడతామో మన చేతిలో ఉండదని. నాకు ధహ్రాన్‌లో, విదేశీయులుండే కాంపౌండులో ఒక అమెరికా ఇంజినీరు ఇల్లు దొరికింది. వాళ్ళు మోర్మన్లు, ఏసుప్రభువును కొలిచేవాళ్ళే గానీ టీ, కాఫీ ముట్టరు. నేను కొన్నాళ్ళు వాషింగ్ మెషీన్ చాటున దాక్కుని టీ తాగేదాన్ని, అది చూసి మేడం పడీపడీ నవ్వి నాకొక టీపొడి డబ్బా కొనిపెట్టింది. వాళ్ళ పెద్దలు ఎడ్లు కొనే స్తోమత లేక, సామాను చెక్కబండ్ల మీద పెట్టి చేతులతో లాగుతూ దేశం దాటారట, మంచులో చాలామంది పోయారట. ఆ కష్టం పిల్లలకు తెలియాలని ఇప్పటికీ పొడుగు గౌన్లు వేయించి అలాంటి బండ్లు లాగిస్తారు. ఏసీ కార్లు పక్కన పెట్టుకుని ఈ బండ్లు లాగడమేమిటో అని నాకు ఒకటే వింత.

వాళ్ళ కూతురే ఈ పాప, అప్పటికి పదిహేనేళ్ళు. ఆ బండ్లు లాగే యాత్రకు బయలుదేరే ముందు నేను ఉల్లిపాయలు తరుగుతుంటే పక్కన చేరింది. “ఎంత ప్రార్థించినా నాకు ఒక్కసారీ జవాబు రాలేదు ఆంటీ. ఈసారీ రాకపోతే మానేస్తాను. అమ్మకు చెప్పకు” అంది.

హుఫూఫ్ ఊరు దాటాక ఇసుకదిబ్బలు. నన్ను వంటకు తీసుకెళ్ళారు. రెండోరోజు ఒక ఆచారం: మగవాళ్ళందరూ ముందే దిబ్బెక్కి, టోపీలు తీసి, తలలు వంచి నిలబడతారు, కింది నుంచి ఆడపిల్లలే బండ్లు లాగాలి, ఎవరూ చెయ్యి వేయకూడదు. ఆనాడు దారిలో మొగుళ్ళు పోతే పెళ్ళాలే లాగారు కనుక అట. నేనూ మొగుడు పోయినదాన్నే, ఆ మాట విని గరిటె పక్కన పెట్టేశాను.

పాప బండి అందరికన్నా వెనక. సగంలో చక్రాలు దిగబడ్డాయి, దాన్ని లాగే పిల్లలు ఏడుస్తున్నారు. మేడం నన్ను వ్యాను దగ్గరే ఉండమంది గానీ కాలు నిలవలేదు. ఒంటి మీది నల్ల అబాయా అంగీ ఎత్తి దోపుకుని, బండిలోని పిండి బస్తాల చాటున వంగి వెనక నుంచి తోశాను. బండి కదిలింది. నాలుగు బారలు పోయిందో లేదో కాలు దిగబడి బోర్లా పడ్డాను, నోటినిండా ఇసుక. ఎవరూ చూడకముందే కిందికి దిగిపోయాను.

సాయంత్రం ప్రార్థనలో పాప లేచి వెక్కుతూ చెప్పింది: “చేతులు వదిలేయబోయాను. వెనక నుంచి ఎవరో తోశారు. తిరిగి చూస్తే ఎవరూ లేరు. పైదాకా తోస్తూనే ఉన్నారు.” మేడం కూతుర్ని పట్టుకుని ఏడ్చేసింది. నేను వెనక కూర్చుని రొట్టెల పిండి పిసుకుతూనే ఉన్నాను. చెబితే ఆ పిల్ల నమ్మకం కూలుతుంది, చెప్పకపోతే ఒక అబద్ధం మీద నిలబడుతుంది.

కానీ రేపు పాప ఇదే కథ తన బిడ్డకు చెబుతుంది కదా. అందుకే చెబుతున్నాను పాపా, తోసింది నేనే. అయితే నువ్వు పైదాకా అన్నావు. నేను సగంలోనే పడ్డాను. తలెత్తి చూసేసరికి బండి మునుపటికంటే జోరుగా ఎక్కుతోంది. ఆ మిగతా సగం ఎవరు తోశారో ఇన్నేళ్ళుగా ఆలోచిస్తున్నా నాకూ అంతుపట్టలేదు.

ఇప్పుడా దిబ్బ మీదుగా రోడ్డు పడిందని అక్కడ పనిచేసే మా ఊరామె చెప్పింది. బండి ఎవరూ తోయనక్కర్లేదు, ఎవరు తోశారని అడిగేవాళ్ళూ ఉండరు.

ఏమే, ఆగిపోయినావు? కళ్ళు తర్వాత తుడుచుకుందువుగానీ, రాసిందంతా ఒకసారి నాకు చదివి వినిపించు.