ఎర్ర చేప పడవ సీటు కింద

అది 2021 వేసవి. సూరత్‌లో తాపీ నది ఒడ్డున నాకు ఒక పడవ ఉండేది. ఇంజిన్ బిగించిన చిన్న ఫైబర్ పడవ, ఎనిమిది మంది కూర్చోవచ్చు. మామూలు రోజుల్లో అవతలి ఒడ్డున కూరగాయల తోటల్లో పనిచేసేవాళ్ళని దాటించేవాళ్ళం. ఆ వేసవిలో మాత్రం మా పడవ ఎక్కినవాళ్ళంతా ఒళ్ళో కుండ పెట్టుకుని ఎక్కారు. అయినవాళ్ళ అస్థికలు నది నడుమ కలపడానికి వచ్చేవాళ్ళు. పొద్దున ఆరింటికే ఒడ్డు మీద వరస. మూతులకు మాస్కులు, చేతుల్లో ఎర్రగుడ్డ చుట్టిన కుండలు. 

పడవ పని ఆడది చేస్తుందా అని అడుగుతారు చాలామంది. మా ఆయన రాజయ్య తెలంగాణ నుంచి సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద పనికి సూరత్ వచ్చాడు. వాళ్ళ తాతతండ్రులు మానేరులో చేపలు పట్టినవాళ్ళు. సాంచాల చప్పుడుకు చెవులు దిబ్బడేసి, ఆ పని వదిలి మళ్ళీ నీళ్ళ మీదికే వచ్చాడు. నేను ఊళ్ళోనే నవాగామ్ బస్తీలో మా గదిలో కూర్చుని చీరలకు లేసులు కుట్టేదాన్ని. 2020లో ఆ జబ్బు మొదటిసారి ఊరి మీద పడ్డప్పుడు ఆయన పోయాడు. మొహం కూడా చూడనివ్వలేదు. నెల తిరక్కముందే నేను పడవ ఎక్కాను. మరిది మల్లేశం ఇంజిన్ పడతాడు. నేను ముందు నిలబడి గెడ వేస్తాను, మనుషుల్ని బరువు చూసి కూర్చోబెడతాను.

పడవల్లో కూడా మార్కులుంటాయి. మాది ఎర్ర చేప మార్కు. ముక్కుకు రెండు పక్కలా ఎర్ర రంగుతో చేప బొమ్మ వేసి ఉంటుంది. ఊరి చివర షెడ్డులో రమణ్‌కాకా అనే గుజరాతీ మిస్త్రీ వాటిని చేస్తాడు. మా ఆయన మొదటి పడవ ఆయన దగ్గరే కొన్నాడు. పన్నెండేళ్ళు నడిచింది. ఒక్కనాడు మోసం చెయ్యలేదు. అల పెద్దదైతే నడిమి సీటు కింద టక్కు టక్కుమని చప్పుడు వచ్చేది. "ఇనవడ్తందా? మన పడవ ముచ్చట వెడ్తంది" అని నవ్వేవాడు మా ఆయన. ఇంజిన్ బిగించే దాని వెనక చెక్క పాడైపోతే, ఆయన పోయిన ఏడాదే చలికాలంలో నేను కొత్తది తీసుకున్నాను. వేరే మార్కు వైపు చూడనైనా చూడలేదు. నా మాట మీద మా ఒడ్డున ఇంకో ముగ్గురు పడవలవాళ్ళు ఎర్ర చేపే కొన్నారు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. నన్ను నిద్రపోనివ్వనిది అదే.

ఫైబర్ పడవ గురించి ఒక మాట చెప్పాలి. అందులో సీట్లు ఉత్త సీట్లు కావు, మూసేసిన పెట్టెలు. లోపల ఫోమ్ నింపుతారు. పసుపురంగు నురగ, గట్టిపడి బెండులాగా అవుతుంది, నీళ్ళు తాగదు. పడవకు ఎక్కడ చిల్లి పడినా, నిండా నీళ్ళు వచ్చినా, ఆ ఫోమ్ పడవని మునగనివ్వదు. పైన ఫైబర్ వేసి మూసేస్తారు కాబట్టి లోపల ఏముందో కొన్నవాడికి కనపడదు. మార్కును నమ్మడమే.

ఏప్రిల్‌లో నాకూ జ్వరం వచ్చింది. పన్నెండు రోజులు పడుకుని లేచాను. సాయంత్రం పడవని ఒడ్డుకు లాగుతుంటే రావడం లేదు. అంతకుముందు మేమిద్దరం లాగేవాళ్ళం. ఇప్పుడు ముగ్గురు కావాలి, వారం పోతే నలుగురు.

"పడవ బరువైంది వదినా" అన్నాడు మల్లేశం.

"పడవ ఎట్ల బరువైతది? నా రెక్కలల్ల సత్తువ పోయింది. జ్వరం తిన్నది" అన్నాను.

"నాకేం జ్వరం రాలేదు గదా?"

"నీకు ఎప్పుడున్నది సత్తువ?" అని వెక్కిరించాను. వాడు నవ్వి ఊరుకున్నాడు. అక్కడే తప్పు చేశాను. ఆ ఏడాది మేము ఏం తేడా వచ్చినా జ్వరం మీదికే తోసేవాళ్ళం. రుచి లేకపోతే జ్వరం, మతిమరుపు అయితే జ్వరం. పడవ బరువు కూడా అలాగే అనుకున్నాను.

మే నెలలో ఒక పొద్దున సూరత్ పక్కనున్న కడోదరా నుంచి మన తెలుగువాళ్ళే వచ్చారు. తల్లి, ఇద్దరు కొడుకులు, కోడలు. తండ్రి కుండ తల్లి ఒళ్ళో ఉంది. ఆమె నా ఈడుదే, పేరు నర్సవ్వ. తెలుగు వినేసరికి నా చెయ్యి పట్టుకుంది.

"ఎక్కాల్నంటె భయమైతందక్కా. నాకు ఈత రాదు."

"నాకూ రాదు. ఏం గాదు కూసో. ఇది ఎర్ర చేప పడవ, బోర్లేసినా మునగదు" అన్నాను. ఆ మాట నా నోటితో అన్నాను.

నది నడుమకి పోయేసరికి సముద్రం వైపు నుంచి పోటు ఎక్కుతోంది. పెద్ద అలలేమీ కావు. మల్లేశం పడవ తిప్పాడు. తిరిగిన పడవ ఎడమవైపు వాలి, మళ్ళీ లేవలేదు. ఎప్పుడైనా వాలిన పడవ లేస్తుంది. ఇది లేవలేదు. ఎడమ అంచు మీది నుంచి నీళ్ళు లోపలికి జారాయి. నేను అందరినీ కుడివైపుకి జరగమని అరిచాను. జరిగినా పడవ పక్కకే ఉంది, ఎవరో కింది నుంచి పట్టి లాగుతున్నట్టు.

"వదినా, నీళ్ళు తోడు!" అని అరిచి మల్లేశం ఇంజిన్ ఒడ్డు వైపు మలిపాడు. కొడుకులు చెప్పులతో, దోసిళ్ళతో తోడారు. నర్సవ్వ కుండను తల మీదికి ఎత్తి పట్టుకుంది.  నా వైపే చూసింది. మునగదంటివి గదా అన్నట్టు ఉంది ఆ చూపు. ఒడ్డు ఇంకా పది బారలుందనగా ఇంజిన్ ఆగింది. నేను గెడ పట్టుకుని దూకాను. నీళ్ళు నడుం దాకే ఉన్నాయి. ఎలా లాగామో తెలియదు, లాగాము. అందరూ బతికారు. కుండ తడవలేదు. వాళ్ళు ఒడ్డునే మోకాలి లోతు నీళ్ళలో నిలబడి అస్థికలు కలిపి వెళ్ళిపోయారు.

ఆ మధ్యాహ్నం మల్లేశం రంపం తెచ్చి ఎడమ సీటు కోశాడు. కింద అంచున వేలెడంత చీలిక ఉంది. అది సరే, పడవ అన్నాక చీలుతుంది. లోపల ఫోమ్ ఉండాలి. వాడు చెయ్యి పెట్టి లాగితే తడి గుడ్డ వచ్చింది. ఇంకా లాగితే ఇంకా గుడ్డ. నల్లబడ్డ చీర ముక్కలు, లేసు తుంపులు, జరీ అంచులు. సూరత్‌లో దాన్ని చిందీ అంటారు, మిల్లుల్లో కత్తిరించి పారేసే గుడ్డపీలికలు. నెలల నుంచి నీళ్ళు తాగి తాగి ఒక్కో మూట రాయిలాగా ఉంది. అందులో ఒక లేసు ముక్క తీసి పిండి చూశాను. మామిడిపిందెల అంచు. అలాంటివి నేను ఈ చేతులతో వేలకొద్దీ కుట్టాను. నా గదిలో ఊడ్చి పారేసేలాంటి చెత్త మీద మనుషుల్ని కూర్చోబెట్టి నది దాటించాను. 

కబురు పెడితే మర్నాడు రమణ్‌కాకా వచ్చాడు. డెబ్బై దగ్గర వయసు. కోసిన సీటు చూశాడు, గుడ్డల కుప్ప చూశాడు. మా మధ్య నడిచేది హిందీ, గుజరాతీ కలిసిన మాట; నన్ను బెన్ అంటాడు, అంటే చెల్లెమ్మా అని.

"కాకా, ఎవరు చేసిండ్రు ఇది? నీ పనోళ్ళా?"

ఆయన అబద్ధం ఆడొచ్చు. ఆడలేదు. "నేనే బెన్. లాక్‌డౌన్‌లో ఫోమ్ రాలేదు. పడవలు ఆపితే షెడ్డు మూతపడేది. సీలు గట్టిగా వేస్తే లోపలికి నీళ్ళెక్కడ పోతాయి అనుకున్నా."

"నీళ్ళు పొయినయ్ గదా!" అన్నాడు మల్లేశం.

"కొత్త పడవ ఇస్తా. ఊరికే ఇస్తా. ఈ మాట మాత్రం ఒడ్డు మీద..." అని ఆగిపోయాడు.

మల్లేశం నన్ను పక్కకు తీసుకుపోయాడు. "వద్దు వదినా. ఇంకో మార్కు తీసుకుందాం. గీ ముసలోనికి దండం పెట్టు."

నిజం చెబుతున్నాను, అప్పుడు కూడా నా మనసు ఎర్ర చేపనే పట్టుకుంది. పన్నెండేళ్ళ పడవ. మా ఆయన చెయ్యి పెట్టిన పడవ. ఈ ఒక్కటి తప్పు పోయింది, ఆ పాతది పోలేదు కదా! ఒడ్డునే టార్పాలిన్ కింద బోర్లించి ఉన్న పాత పడవ చూపించి అన్నాను: "కాకా, దీన్ని ఎట్ల చేసినవో గట్లనే చేసియ్యి. నా ఎదురుంగ దీని సీటు కొయ్యి. ఫోమ్ ఎంత నింపినవో చూస్తా. అంతే నింపు."

ముసలాయన మొహం తెల్లబోయింది. "దాన్ని వదిలెయ్యి బెన్. అది మంచి పడవ."

"మంచిదనే కొయ్యమంటున్న."

ఆయన కదల్లేదు. మల్లేశమే పడవ తిరగేసి నడిమి సీటు కోశాడు. లోపల ఫోమ్ లేదు. గుడ్డ కూడా లేదు. ఏమీ లేదు. పొడిగా, ఖాళీగా, చీకటిగా ఉంది. అడుగున ఒక బ్రష్షు, పని చేస్తూ మరిచిపోయిందేమో, రెసిన్, అంటే ఫైబర్‌కు పూసే జిగురు, అంటుకుని కట్టెలాగా బిగుసుకుపోయి ఉంది. మల్లేశం పడవని కొంచెం ఊపాడు. టక్కు టక్కు.

మా ఆయన పన్నెండేళ్ళు విన్న ముచ్చట అది.  వేలుపట్టేంత చీలిక ఒక్కటి పడి ఉంటే, ఆ పెట్టె నిండా నీళ్ళు పట్టి ఆయన ఎన్నడో మునిగేవాడు. పడలేదు. పడలేదు కాబట్టి దాన్ని మేము నమ్మకమైన పడవ అన్నాము. నేను ఆ నమ్మకాన్నే ముగ్గురికి పంచాను.

"ఆ రోజుల్లో ఫోమ్ ఎవరూ అడిగేవాళ్ళు కాదు బెన్" అన్నాడు కాకా నేల చూస్తూ.

"నేను కూడ అడగలే" అన్నాను. అది ఆయన్ని క్షమించడం కాదు. ఉన్న సంగతి.

తరువాత నేను రెండు పనులు చేశాను. ముందు, నా మాట మీద కొన్న ముగ్గురి దగ్గరికి రమణ్‌కాకాని వెంట తీసుకుపోయాను. రంపం ఆయన చేతికే ఇచ్చాను. "పేరు పోతది బెన్" అన్నాడు. "మనుషులు పోతరు కాకా" అన్నాను. మూడు పడవల్లోనూ చిందీయే. వాళ్ళు ఆయన్ని తిట్టారు, నన్నూ తిట్టారు. ఒకాయన నేను కాకాతో కలిసి చేశానన్నాడు. తల వంచుకుని విన్నాను.

రెండోది, మల్లేశం చెప్పిన ఇంకో మార్కు దుకాణానికి పోయాను. తళతళలాడే పడవలు, ఏసీ గది. సీటుకు తెరిచే మూత పెట్టి ఇస్తారా, లోపల చెయ్యి పెట్టి చూసుకుంటాను అని అడిగాను. అక్కడి మనిషి నవ్వాడు. "సీటు కోస్తే గ్యారంటీ ఉండదు పిన్నీ. మా కంపెనీ పేరు చాలదా?" పేరు చాలదా అన్న మాట దగ్గరే నేను లేచి వచ్చేశాను.

సీటుకు అలాంటి మూత పెట్టి ఇస్తావా అని రమణ్‌కాకాని అడిగాను.  ఆయన సుద్దముక్క తీసి సీటు మీద గుండ్రంగా గీసి, "ఇంత చాలా, నీ చెయ్యి పడుతుందా?" అని అడిగాడు. నేను షెడ్డులోనే కూర్చున్నాను, మూడు రోజులు. ఫోమ్ పొంగుతుంటే చూశాను, గట్టిపడ్డాక గోరుతో గీకి చూశాను. రబ్బరు పట్టీ వేసి మూత మరలు బిగించాడు. చివరికి రంగు డబ్బా పట్టుకుని అడిగాడు: "చేప వెయ్యమంటావా, వద్దా?"

మల్లేశం వద్దన్నాడు. నేను వెయ్యమన్నాను. "ముక్కు మీద కాదు కాకా. మూత మీద వెయ్యి."

ఇన్నేళ్ళ పనిలో నేను నేర్చుకున్నది ఇంతే. ఏమీ కాలేదంటే బాగున్నట్టు కాదు. ఇంకా ఏమీ కాలేదని మాత్రమే. మనిషిని నమ్మొచ్చు, కాకాని నేను మళ్ళీ నమ్మాను. పడవని మాత్రం రోజూ తెరిచి చూస్తాను.

ఏడాది తిరిగాక, భర్త సంవత్సరీకానికి నర్సవ్వ నది దగ్గరికి వచ్చింది. నన్ను చూసి దూరంగా నిలబడింది. మునగదు అని ఈసారి అనలేదు. మూత మరలు విప్పి, పక్కకు జరిగి, "నువ్వే చెయ్యి వెట్టి చూడక్కా" అన్నాను. ఆమె కొంగు నడుముకు చెక్కుకుని, మోచేతి దాకా చెయ్యి పెట్టి, ఆ మూల నుంచి ఈ మూలకి తడిమి చూసింది. ఆ తరువాతే కాలు పడవలో పెట్టింది.