పెద్దనాయన ట్యాబ్‌కు కాడి కట్టిన రోజు

కొనే స్తోమత లేనివాళ్లకే వస్తువుల గురించి ఎక్కువ తెలుస్తుందని నాకు ఆ రోజుల్లోనే అర్థమైంది. డిగ్రీ అయిపోయి, నంద్యాలలో హాస్టల్లో ఉండి బ్యాంకు పరీక్షల కోచింగ్ తీసుకుని, పరీక్ష తప్పి, ఆళ్లగడ్డలో మా ఇంటికి తిరిగొచ్చి కూర్చున్న రోజులవి. తక్కువ ధరలో దొరికే చిన్న ట్యాబ్‌లలో ఏది మంచిదో చెప్పే వీడియోల్లో నేను చూడనిది లేదు. ప్రాసెసర్, ర్యామ్, బ్యాటరీ, తెర వెలుగు, అన్నీ నోటికి వచ్చేవి. (వాటిలో ఒక్కదానికీ అర్థం తెలియదన్నది వేరే సంగతి.) అద్దం మీద గీత పడుతుందా లేదా అని ఎవరో తాళంచెవితో గీకుతుంటే కన్నార్పకుండా చూసేదాన్ని. దేని మీద చదివితే బాగా చదవొచ్చో తేల్చుకునే పనిలో పడి, అసలు చదవడమే మానేశాను.

నిజానికి నాకు దాని అవసరం ఉంది. మా పరీక్ష కంప్యూటర్ మీద రాయాలి. చెయ్యి తిరగాలంటే ఇంట్లో మాక్ టెస్టులు రాస్తూ ఉండాలి. నా ఫోన్ తెర మీద లెక్కల పట్టిక సగమే కనిపించేది. మిగతా సగం కోసం వేలితో జరిపేసరికి మొదటి సగం మర్చిపోయేదాన్ని. ల్యాప్‌టాప్ మాట ఎత్తే ధైర్యం నాకు లేదు, మళ్లీ హాస్టల్ అంటే నాయన వినడు. దీనికి తోడు మా ఊళ్లో ఎరువుల అంగడాయన బిల్లులు రాయడానికి మనిషి కావాలని, సోమవారం నుంచి పాపను పంపమని నాయనతో అని ఉన్నాడు. నాయన ఔననలేదు, కాదనలేదు. ట్యాబ్ వస్తే ఇంకో ఏడాది చదువు, రాకపోతే సోమవారం పొద్దున యూరియా బస్తాల మధ్య కుర్చీ. నా బతుకు ఆ రెండింటి మధ్య ఊగుతోంది. అన్నం ముందు కూర్చున్నా బస్తాల వాసనే వచ్చేది.

రెండు రోజులు అలిగి, ఒక పూట తినకుండా ఉండి (మధ్యలో అమ్మ దొంగతనంగా పెట్టిన దోసెలు లెక్కలోకి రావు) చివరికి నాయనను కదిలించాను. "సరేలే, శనగల దుడ్లు వచ్చినాయి. కానీ మీ పెద్దనాయన చూడాల" అన్నాడు. మా పెద్దనాయన ఎద్దుల బేరగాడు. ఏ సంతలోనైనా ఎద్దును పదడుగులు నడిపించి దాని గుణం చెప్పేస్తాడని పేరు. ట్రాక్టర్లు వచ్చి ఎద్దులు తగ్గిపోయాక ఆ చూపుకు పని లేకుండా పోయింది. దాంతో ఆయన దాన్ని ఫ్యాన్ల మీద, మిక్సీల మీద, మోటార్ల మీద వాడడం మొదలుపెట్టాడు. మా ఇంట్లో గడ్డపార కొనాలన్నా ఆయన రావాల్సిందే. (మా అమ్మ పెళ్లిచూపులకు కూడా ముందు నడిచింది ఆయనేనట. "నడక బాగుండాది" అని తేల్చాడట. అమ్మ ఆయన్ను ఈనాటికీ క్షమించలేదు.)

శనివారం పొద్దున్నే పెద్దనాయన మోటారుబండి మీద వెనక కూర్చుని నంద్యాల పోయాను. బస్టాండు దగ్గర ఒక మొబైల్ అంగడి. నేను వీడియోల్లో చూసి ఖాయం చేసుకున్న ట్యాబ్ అద్దాల బీరువాలో నిలబడి ఉంది. అంగట్లో ఉన్న అబ్బాయి దాన్ని తీసి బల్ల మీద పెట్టి, పాఠం ఒప్పజెప్పినట్టు మొదలుపెట్టాడు. "రెండు జీబీ ర్యామ్ పెద్దాయనా" అనగానే పెద్దనాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"రెండా? రెండు పండ్లంటే ఇంకా కోడెనే కదప్పా. నాలుగుది లేదా?"

"ఉండాది. రేటు ఎక్కువైతాది."

"వద్దులే. కోడె అయితే మనం నేర్పినట్ల నేర్చుకుంటాది."

ఎద్దు వయసును పళ్లను బట్టి చెబుతారని ఆ అబ్బాయికి తెలియదు. అయినా బేరం ముందుకు పోతోంది కాబట్టి తల ఊపాడు. పెద్దనాయన ట్యాబ్‌ను తిరగేసి, ఎద్దు ఒంటి మీద మంచి సుళ్లు, చెడ్డ సుళ్లు వెతికే అలవాటు కొద్దీ వీపంతా బొటనవేలితో నిమిరి, కెమెరా దగ్గర ఆగాడు. "ఈడ ఒంటి సుడి ఉండాది" అన్నాడు అనుమానంగా. అది కెమెరా అని నేను చెబితే, "సుడి సుడే కదా పాపా" అన్నాడు. వెనక నిలబడ్డ ఇద్దరు కాలేజీ అబ్బాయిలు నవ్వారు. నేల చీలితే అందులోకి దిగిపోదామనుకున్నాను. అసలు కథ అప్పటికి మొదలే కాలేదు. పెద్దనాయన భుజం మీది తువ్వాల తీసి, అంగడి అబ్బాయి చేతి మీద కప్పి, కింద నుంచి అతని వేళ్లు గట్టిగా పట్టుకున్నాడు. సంతలో ఎద్దుల ధర నోటితో చెప్పరు. తువ్వాల చాటున వేళ్లు నొక్కి చెప్పుకుంటారు, పక్కవాడికి తెలియకుండా. ఆ అబ్బాయికి చెమట పట్టింది.

"పెద్దాయనా, రేటు డబ్బా మీదనే ఉండాది" అన్నాడు చెయ్యి లాక్కోలేక.

"అది లోకానికి. నాకెంతో చెప్పు."

చివరికి ధర కొంచెం తగ్గింది. (ఏ వేలు నొక్కితే తగ్గిందో ఆ ఇద్దరికే తెలియాలి.) ఇక తీసుకుంటాడేమో అని నేను ఊపిరి పీల్చుకునే లోపల, "ఈ పూట తీస్కపోయి కాడి కట్టి చూస్తా, రేపు పొద్దున బేరం" అన్నాడు. డబ్బా విప్పితే వాపసు ఉండదని అబ్బాయి మొత్తుకున్నాడు. పెద్దనాయన తొణకలేదు. మీది ఏ ఊరు, మీ అమ్మది ఏ ఊరు అని ఆరా తీసి, కోయిలకుంట్ల అని తెలియగానే, "మీ తాతకు ఎద్దులిప్పించింది నేనే రా! కాడి కట్టి చూడకుండా ఆయన కూడా తీసుకోలే" అన్నాడు. తాతల దాకా వచ్చాక అబ్బాయి ఏం చేస్తాడు? అందరూ చూడడానికి బయట పెట్టిన ట్యాబ్‌ను చేతిలో పెట్టాడు. జామీనుగా పెద్దనాయన బండి అంగడి ముందు నిలిచింది. మేము బస్సులో ఇంటికొచ్చాం. తువ్వాల్లో చుట్టిన ట్యాబ్ ఆయన ఒళ్లో ఉంది. కండక్టర్ దాన్ని చూసి, "దానికి అర టికెట్టు కొట్టమంటావా?" అని అడిగాడు.

మధ్యాహ్నం నుంచి మా వాకిట్లో పరీక్ష మొదలైంది, దానికీ నాకూ. మొదట ఎండ. ఎండలో రొప్పే ఎద్దు పనికిరాదు కాబట్టి ట్యాబ్‌ను కాసేపు మిద్దె మీద, ఆరబెట్టిన మిరపకాయల పక్కన పెట్టించాడు. తర్వాత దాని వీపు మీద చెయ్యి వేసి, "ఒళ్లు కాలుతాంది. రొప్పుతాంది" అన్నాడు. ఆ పైన నాయన వాళ్లమ్మ, మా అవ్వ, దాంట్లో హరికథ పెట్టించుకుని వింది. శుక్లాల ఆపరేషన్ అయిన కళ్లకు బొమ్మ బాగానే కనిపించింది కానీ, "ఈ హరిదాసుకు జలుబు చేసినట్లుండాది" అని చెవి దూరం జరిపింది. నాయన శనగల ధర చూశాడు. తాను అమ్మిన తర్వాత పెరిగిందని తెలిసి, ఆ కోపం ట్యాబ్ మీద పెట్టుకున్నాడు. వాళ్ల చేతుల్లోంచి వీళ్ల చేతుల్లోకి పోతున్న కొద్దీ బ్యాటరీ కరిగిపోతోంది. చార్జింగ్ పెడదామంటే సాయంత్రం దాకా కరెంటు లేదు. నేను వీడియోల్లో నేర్చుకున్న నాలుగు ముక్కలు చెప్పబోతే, "నువ్వుండు పాపా, దాన్ని మాట్లాడనీ" అన్నాడు పెద్దనాయన.

పొద్దు వాలాక ఆయన నులకమంచం మీద కూర్చుని, "ఇంక కాడి కట్టు. నీ పరీక్ష దీంట్లో రాయి. మేం చూస్తాం" అన్నాడు. గంట పట్టే మాక్ టెస్టు. వాకిట్లో చాప మీద నేను, ఎదురుగా మంచం మీద పెద్దనాయన, గడపలో నాయన, అరుగు మీద అవ్వ, ప్రహరీ మీదుగా తొంగి చూస్తున్న పక్కింటివాళ్లు. పరీక్ష హాల్లో కూడా ఇన్ని కళ్లు నన్ను చూడలేదు. ఇంగ్లీషు ప్రశ్నలు ఎలాగో గట్టెక్కాను. లెక్కల దగ్గర తెల్లముఖం వేశాను. మేకలు వచ్చి చాప కొస నమిలాయి. అవ్వ తుమ్మింది. పాలాయన గేటు దగ్గర కేకేశాడు. నేను తల వంచుకుని ట్యాబ్‌ను పొడుస్తూనే ఉన్నాను. గంట అయిపోయింది. తెర మీద మార్కులు వచ్చాయి.

"ఎంతొచ్చినాయి?" అన్నాడు నాయన.

"తక్కువ."

"తక్కువంటే? పాసా, ఫెయిలా?"

"ఫెయిలు" అన్నాను. ఆ మాటతో సోమవారం వచ్చి నా ముందు కూర్చున్నట్టే అనిపించింది. నాయన నిట్టూర్చి, "చూసినావు కదన్నా. నీకెట్ల అనిపిస్తాంది?" అని అడిగాడు. పెద్దనాయన తీరిగ్గా తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు.

"తీసుకో."

"ఎండకు రొప్పుతాందంటివే? గొంతు కూడా బాగలేదంటాంది అమ్మ."

"రొప్పుతాంది. గొంతు బొంగురే. అయితే ఏమి? మనం దున్నమనేది దాన్ని కాదు కదరా." నా వైపు చెయ్యి చూపించాడు. "మేకలొచ్చె, అమ్మ తుమ్మె, పాలోడు అరిచె. పాప తలకాయ ఎత్తిందా? గంటసేపు కాడి కింద పక్కచూపు చూడని కోడె యాడుంటాది? మొదటి దినమే నాగలి సాలు తిన్నగా రాదు. ఆ ఎరువులాయన్ను ఇంకో మనిషిని చూసుకోమని చెప్పు పో."

మర్నాడు పొద్దున పెద్దనాయన బస్సులో నంద్యాల పోయి, డబ్బా విప్పని కొత్త ట్యాబ్‌తో బండి మీద తిరిగొచ్చాడు. సోమవారం ఎరువుల అంగట్లో ఎవరు కూర్చున్నారో నాకు తెలియదు, నేను మాత్రం మిద్దె మీద నీడలో కూర్చుని మాక్ టెస్టు రాశాను. ఆ ఏడు కూడా తప్పాను. నాయన మొహం ముడుచుకున్నాడు కానీ పెద్దనాయన మాట దాటలేకపోయాడు. మరుసటి ఏడు నెగ్గాను. అప్పటికి ఆ ట్యాబ్ బురదలో దిగబడ్డ బండిలా మాటిమాటికీ ఆగిపోయేది, వీపు తడితే మళ్లీ కదిలేది.

ఉద్యోగం కాగితం వచ్చిన రోజు పెద్దనాయనకు మిఠాయి ఇచ్చి, మనసులో దాచుకున్న సంగతి చెప్పేశాను. ఆ సాయంత్రం నేను తల ఎత్తకపోవడానికి కారణం నా శ్రద్ధ కాదు. లెక్కలు రాక కళ్లలో నీళ్లు తిరిగాయి. తల ఎత్తితే వాకిట్లో అందరికీ కనిపిస్తాయని సిగ్గుపడి వంచుకున్న తల అది. చివరి ప్రశ్నలకు కళ్లు మసకబారి చేతికొచ్చిన చోట పొడిచాను. పెద్దనాయన అంతా విని, మిఠాయి నములుతూ, "ఎద్దుల సంతలో తల నెరిసినోన్ని. నాకు చెప్తాండావా నువ్వు? నేను నా కండ్లతో చూసినా" అన్నాడు. ఎంత చెప్పినా వినలేదు. ఇప్పటికీ వినడు.

నేనూ వాదించడం మానేశాను. ఆయన చూసిన ఆ గట్టి పిల్ల నిజానికి ఆ సాయంత్రం మా వాకిట్లో లేదు. ఆయన మాట పోగొట్టకూడదని తర్వాత రెండేళ్లు నేనే ఆ పిల్లలా ఉండడం నేర్చుకున్నాను. ఇప్పుడు బ్యాంకులో నెలాఖరు రద్దీలో, కౌంటర్ ముందు పదిమంది ఒకేసారి అరుస్తుంటే, తల ఎత్తకుండా పని చేసుకుపోతుంటాను. చాప మీద ముక్కు ఎగబీల్చుకుంటూ, ఎవరూ చూడకూడదని ట్యాబ్ మీదికి వంగిపోయిన ఆ పిల్ల అప్పుడప్పుడు గుర్తొస్తుంది. ఏడుపు దాచుకుంటున్నానని అనుకుందే తప్ప బతుకు దిద్దుకుంటున్నానని దానికి తెలియదు పాపం. దాన్ని తలుచుకుని నాలో నేనే నవ్వుకుంటాను, కళ్లు మాత్రం అప్పటిలాగే కొంచెం తడుస్తాయి.