వాపసు పెద్దమ్మ

మా పెద్దమ్మ ఓసారి వానను వాపసు పంపింది. నేను కళ్లారా చూశాను. ఆరేసిన దుప్పట్ల మీద నాలుగు చినుకులు పడగానే మేడెక్కి, నడుం మీద చేతులు పెట్టుకుని, "ఇదీ ఒక వానేనా?" అంది. మేఘం సిగ్గుపడి పక్కవీధికి పోయింది. బడి మధ్యలో మానేసినవాడి మాటలే అని కొట్టిపారేయకండి. బడిలో కూర్చున్నవాళ్లకు ఇలాంటివి చూసే తీరికెక్కడిది?

కొన్నది వాపసు చేస్తే తప్ప ఆవిడకు అన్నం సయించదు. గొడుగు, చీపురు, తాళంకప్ప, అన్నీ వచ్చిన దారినే వెళ్లేవి. పెళ్లయిన కొత్తలో పెదనాన్ననూ వాపసు చేయబోయిందట. అత్తగారు పుచ్చుకోనన్నారట.

ఆ రోజుల్లోనే మా వీధికి కుర్చీలల్లే అమ్మాయి వచ్చింది. జబ్బుచేసి చూపు పోయింది. అన్న ఇంట్లో ఓ మూల కూర్చుని పెట్టింది తినడం ఇష్టంలేక కేన్ అల్లిక నేర్చుకుంది. వీధంతా కదిలింది. సెలూన్ బాబాయ్ తన షాపు ముందుగది ఇచ్చాడు. వడ్రంగి పాత కుర్చీలకు కాళ్లు బిగించిపెట్టాడు. మేమంతా మా కుర్చీలు ఆమెకిచ్చి అల్లించుకుని, "బ్రహ్మాండం తల్లీ" అని మెచ్చుకుని, తిన్నగా అటకెక్కించాం. ఎక్కించక ఏం చేస్తాం? వాటిలో కూర్చుంటే నేల తగిలేది. ఓసారి బాబాయ్ అందులో కూరుకుపోతే తాడేసి లాగాం.

పెద్దమ్మ కూడా ఓ కుర్చీ ఇచ్చింది. అల్లాక అక్కడే కూర్చుని చూసి లేచింది.

"వదులుగా ఉంది. విప్పెయ్."

అని, అమ్మాయి వేలు పట్టుకుని వదులున్న చోట ఆనించింది. మేం నోళ్లు వెళ్లబెట్టాం. చూపులేని పిల్ల కదా వదినా, పోనీలే అనకూడదా అని బాబాయ్ బతిమాలాడు.

"ఆ సంగతి నా నడుముకు తెలీదుగా," అంది పెద్దమ్మ.

మళ్లీ అల్లింది. మళ్లీ వాపసు. పెద్దమ్మ చెప్పుల చప్పుడు వినపడగానే అమ్మాయి పళ్లు బిగించి కత్తెర అందుకునేది. ఇద్దరిలో ఒక్కరూ తగ్గలేదు. ఓ రోజు ఆ పిల్లే అంది: "వేలు పట్టుకోకండి పెద్దమ్మా. ఎక్కడుందో నేనే వెతుక్కుంటా." వెతుక్కుంది కూడా.

ఈలోగా మా అటకలు నిండిపోయాయి, మా జాలితో పాటు కుర్చీలూ అయిపోయాయి. కొత్త పని దొరక్కపోతే ఆమెకు అన్న ఇంటి మూలే గతి. అప్పుడు సభాభవనం మేనేజరు మచ్చుకు కొన్ని కుర్చీలు పంపాడు. నచ్చితే హాల్లోవన్నీ ఇస్తానన్నాడు.

ఆయన చూసుకోవడానికొచ్చిన రోజు బాబాయ్ కంటతడి ఉపన్యాసం సిద్ధం చేసుకున్నాడు. ఈమె రాజుల సింహాసనాలు అల్లిందని చెబుదామని నేనూ గొంతు సవరించుకున్నాను. మేనేజరు ఒక్కో కుర్చీలో కూర్చుని తలాడిస్తున్నాడు. అమ్మాయి చివరిదాన్ని అరచేత్తో తడిమి వెనక్కి లాక్కుంది.

"ఇది ఇవ్వనండీ. వదులుగా ఉంది. విప్పేస్తా."

మేనేజరు నొక్కి చూశాడు, వంగి చూశాడు. ఆయనకు ఏ లోపమూ దొరకలేదు. కాసేపు గడ్డం గోక్కుని, హాల్లో కుర్చీలన్నీ రేపే పంపిస్తానన్నాడు. బాబాయ్ ఉపన్యాసం గొంతులోనే ఉండిపోయింది. ఇప్పటికీ అప్పుడప్పుడు ఎక్కిళ్లుగా వస్తుంటుంది.

ఇప్పుడు సెలూనే పక్కకు జరిగింది. ముందుగదీ వెనకగదీ ఆమెవే. చంకకర్రలతో నడిచే ఒకతను, చెవులు వినపడని ఒకావిడ అక్కడ పని నేర్చుకుంటున్నారు. వాళ్లు అల్లినవి ఆమె తడిమి చూసి వాపసు చేస్తుంది.

అన్నట్టు, పెద్దమ్మ ఇంట్లో కుర్చీలో కూర్చోగా మా ఇంటిల్లిపాదిలో ఎవరూ చూడలేదు. ఆవిడకు ఎప్పుడూ గడపే. అల్లడానికిచ్చిన ఆ కుర్చీ పక్కింటివాళ్లది, అడిగి తెచ్చిందని నాకు ఈమధ్యే తెలిసింది.

ఇదంతా రాసి ఆవిడకు చదివి వినిపించాను. ఆ పిల్ల మీద ప్రేమతోనే కదా ఇదంతా, ఒప్పుకోమన్నాను. పెద్దమ్మ కాగితాలు నా చేతికే వాపసు ఇచ్చేసింది.

"వానను నేను పంపలేదు, అదే ఆగింది. కుర్చీ మాత్రం నిజంగానే వదులుగా ఉండేది."