ఏనుగుబండ మీద గుడి

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు ఒక పెద్దమనిషిని పంచె ఊడేలా పరుగెత్తించింది, నా మొహాన్ని గుమ్మడికాయను చేసింది, అది చాలక పెళ్ళిపందిట్లో కూడా పరువు తీసింది. ఇంత పని చేసినది పెద్ద ఉపన్యాసమేమీ కాదు. ఒకే ఒక్క మాట, రెండక్షరాలు. అందులోనూ రెండో అక్షరానికి గుడి ఉందా, పొల్లు ఉందా అన్నదే తగాదా. నవ్వదలచినవారు ఇప్పటినుంచే నవ్వుకోవచ్చు. నేనేమీ అనుకోను, అలవాటైపోయింది.

గంజాం జిల్లాను మద్రాసు నుంచి తీసి కొత్త ఒరిస్సా రాష్ట్రంలో కలిపిన రోజులవి. బరంపురం బడా బజార్లో మాది తాళ్ళ దుకాణం. కొబ్బరితాడు, నారతాడు, చేంతాడు, పలుపు, ఏది కావాలన్నా మా అరుగెక్కాల్సిందే. మా బజారులో ఒడియా రానివాడు లేడు గాని, అది బేరాల ఒడియా. నేను మాత్రం కొత్త ప్రభుత్వంలో ఉద్యోగం వెలగబెడదామని పుస్తకాల ఒడియా పట్టాను. ఇంట్లో మంచినీళ్ళు కూడా ఒడియాలోనే అడిగేవాణ్ణి. మా అమ్మ, "తెలుగులో అడిగినోడికే నీళ్ళు," అని చెంబు లోపల పెట్టేసేది. ఆ ఏడాది చాలాసార్లు దాహంతోనే పడుకున్నాను.

మా మేనమామకు చికిటిలో బెల్లం వ్యాపారం, కాస్త పొలం. ఆయన కూతురు వరాలు. మాలో మేనరికం గట్టి ఆచారం కనుక, ఉయ్యాలలో పేరు పెట్టిననాడే వరాలు నా పెళ్ళామని అందరూ అనేసుకున్నారు. అందరికంటే గట్టిగా నేను అనుకున్నాను. అలాంటిది ఒకనాడు మామయ్య మా దుకాణానికి వచ్చి, అరుగు మీద కూర్చుని, నన్ను ఎగాదిగా చూశాడు.

"ఒరే అల్లుడా, మా ఎదురింటోల కుర్రోడు ఒంటిసేత్తో దాన్నెం బస్తా ఎత్తీస్తన్నాడు. నువ్వేటి ఎత్తుతావురా?"

జవాబూ ఆయనే చెప్పేశాడు. "తక్కెడ! ఆ ఎదురింటోలు మా వరాల్ని అడుగుతున్నారు మరి. ఆచారముందని, ఊదితే ఎగిరిపోయేవోడికి పిల్లనిచ్చీమంటావేటి?"

నా గుండె జారి చేంతాళ్ళ చుట్టలో పడింది. అంతకుముందే ఎవరో తెచ్చిన ఇంగ్లీషు పత్రికలో, దొరలు తాడు పట్టుకుని రాతికొండల మీదికి పాకుతున్న బొమ్మలు చూసి ఉన్నాను. ఆ బొమ్మలే నా నోట మాట్లాడాయి.

"మావా, మీ ఏనుగుబండ ముందువైపు నుంచి ఎక్కి చూపిస్తాను!"

ఏనుగుబండ అంటే చికిటి పక్కనున్న రాతికొండ. వెనకవైపు మేకలు నడిచే దారి ఉంది, ముసలమ్మలు కూడా కట్టెలకోసం ఎక్కుతారు. ముందువైపు మాత్రం నిలువు బండ. నేను అంతవరకు ఎక్కినవాటిలో ఎత్తైనది మా దుకాణంలో నిచ్చెన, అదీ మా నాన్న కింద పట్టుకుంటేనే.

"ముందునుంచా!" మామయ్య లేచి నిలబడ్డాడు. "ఎక్కీరా. కాళ్ళు కడిగి మరీ పిల్లనిచ్చీకపోతే నన్నడుగు."

ఇక చూడండి నా సన్నాహాలు. మా దుకాణంలోకెల్లా గట్టి కొబ్బరితాడు చుట్ట ఒకటి. పులిహోర, జంతికలు, అరిసెలు. మరచెంబు, గొడుగు, దెబ్బలకు పసుపు, దిష్టికి ఎండుమిరపకాయలు. ఇవన్నీ బస్సు మీదికి ఎక్కిస్తుంటే మా నాన్న, "కొండెక్కడానికెల్తన్నావా, కాపరం పెట్టడానికా?" అన్నాడు. రెండోదానికోసమే మొదటిది నాన్నా అందామనుకుని, సిగ్గేసి గొడుగు సర్దుకున్నాను.

చికిటి చేరి, ఆ సాయంత్రం మామయ్యనూ ఆయన పాలేర్లిద్దరినీ కూర్చోబెట్టి దండయాత్రకు ముందు సేనాపతిలా చెప్పాను. "మీరు వెనకదారిన ముందే పైకెళ్ళి తాడు పట్టుకుని ఉండండి. అవసరమైతే ఆజ్ఞ ఇస్తాను. దొరలు ఇంగ్లీషులో ఇస్తారు. మనది కొత్త ఒరిస్సా కనుక ఒడియాలో ఇస్తాను. 'దౌడి' అనగానే తాడు దించండి."

"దౌడంటే తాడని నాకు తెల్దేటి?" అన్నాడు మామయ్య. "తాళ్ళకొట్టోడివి, తాడని అరవడానికేటి నొప్పి?"

"ఆజ్ఞకు గాంభీర్యం ఉండాలి మావా."

"ఉంటాది, ఉంటాది. అక్కడ తేనెపట్లు కూడా ఉంటాయి. పెద్దీగలు. లేస్తే ఏటి సెయ్యడం?"

దానికి కూడా నా దగ్గర ఆజ్ఞ సిద్ధం. "నేను 'దౌడ్' అని కేకేస్తాను. వెనక్కి చూడకుండా పరుగెత్తండి."

గుమ్మం పక్కన బియ్యం ఏరుతున్న వరాలు తలెత్తింది. "దౌడి, దౌడ్... రెండూ ఒక్కలాగే ఉన్నాయి బావా."

"ఒక్కలా ఎలా ఉంటాయి? మొదటిదాని చివర గుడి ఉంది, రెండోదాని చివర పొల్లు."

"ఆ కొండ మీద గుడెక్కడుంది బావా? గాలి తప్ప ఏటీ నేదు."

పాలేర్లు కూడా నవ్వారు. వ్యాకరణం తెలియనివాళ్ళతో నాకేం పని అని నేను అరిసె కొరికాను.

మర్నాడు పొద్దున్నే పంచె గోచీ పెట్టి బండకు దణ్ణం పెట్టుకుని ఎక్కడం మొదలుపెట్టాను. నిజం చెప్పొద్దూ, మొదట బాగానే ఎక్కాను. సగం ఎత్తులో పాదం పట్టేంత అంచు ఒకటి దొరికితే, దానిమీద నిలబడి, ఎంత ఎక్కానో చూద్దామని కిందికి చూశాను. అంతే. కాళ్ళు నా మాట వినడం మానేశాయి. బల్లి అయినా తోక ఊపుతుంది, నాకు అదీ లేదు.

"దౌడీ!" అని అరిచాను.

పైన దబదబ అడుగుల చప్పుడు. ఆహా, ఎంత చురుకు అనుకున్నాను. ఆ చప్పుడు దగ్గరికి రావడానికి బదులు దూరమైపోయింది. ఆపైన మామయ్య గొంతు, "ఓర్నాయినో, ఈగలు లేసిపోనాయిరోయ్! ఎనక్కి సూడకండ్రోయ్!"

"దౌడీ! దౌడీ!" అని నేను అరిచినకొద్దీ వాళ్ళు ఇంకా వేగంగా పరుగెత్తారు. ఆజ్ఞాపాలన అంటే అదీ. 

ఇప్పుడు నవ్వుతూ చెబుతున్నాను గాని, అప్పుడు నిజంగానే ఏడ్చాను. పడితే చస్తానని కాదు. పడీ చావకపోతే, ఎదురింటివాడి పెళ్ళికి భోజనానికి వెళ్ళాల్సి వస్తుందని.

అంతలో పైనుంచి, "బావా!"

అన్నం మూటతో వెనకదారిన వస్తున్న వరాలు! "మా అయ్య నన్ను దాటీసి ఎలిపోనాడు. ఈగా నేదు, దోమా నేదు. ఏటి కావాలి నీకు?"

"దౌడి!"

"తెలుగులో ఏడు బావా."

"తాడే తల్లీ, తాడు!"

"అద్గదీ."

మామయ్య పడేసి పోయిన తాడును చెట్టుకు కట్టి కిందికి వదిలింది. ఎలా పైకి చేరానో నాకు తెలియదు గాని, నా మోకాళ్ళ చర్మం ఇప్పటికీ ఆ బండకే ఉండాలి.

"నేను పరుగెత్తమనలేదని నీకెలా తెలిసింది వరాలూ?"

"నాకు నీ గుడి ఇనిపించింది. మా అయ్యకి పొల్లినిపించింది."

ఇంతలో వెనకదారిన గోల. పొగబెట్టడానికి గడ్డిమోపులు, కప్పుకోవడానికి గోనెలు, కుట్టినచోట పుయ్యడానికి సున్నం పిడత పట్టుకుని ఊళ్ళో జనం వస్తున్నారు. అందరికంటే ముందు మామయ్య ఏడుస్తూ, "మా అల్లుడు మారాజురా! మమ్మల్ని పరిగెత్తమని అరిసీసి, తానొక్కడూ ఈగలకి అడ్డంగా నిలబడిపోనాడు!"

నా ఛాతీ దానంతటదే ఉబ్బింది. వరాలు మాత్రం నా మొహాన్ని పరీక్షగా చూసింది. "ఒక్క ఈగైనా కుట్టిన మొకమేనా ఇది?"

"మరేం చెయ్యను?"

చుట్టూ చూసి, ఆకులో పట్టి ఒక దూలగొండి కాయ తెచ్చింది. ఎరగనివారికి చెబుతున్నాను, దాని నూగు తగిలితే ఏనుగైనా గోక్కుంటుంది.

"వద్దొద్దు!"

"పిల్ల కావాలా, మొకం కావాలా?"

"...పిల్ల."

రాసేసింది. జాలీ దయా లేకుండా, రెండు బుగ్గలకూ సమానంగా రాసింది. జనం వచ్చేసరికి నా కళ్ళు మూసుకుపోయాయి. మామయ్య నన్ను కావలించుకుని, మొహమంతా సున్నం పట్టించి, ఆ మరుక్షణమే తానూ గోక్కుంటూ, "సూసినారా, ఈగలింకా ఇక్కడే ఉన్నాయి!" అన్నాడు. పెళ్ళి అక్కడే ఖాయమైంది.

మొహం మొహంలా అయ్యాక ముహూర్తం పెట్టారు. పురోహితుడు మంత్రం మొదలుపెట్టి తాళి అందించాడు. తాళ్ళకొట్టువాణ్ణయి ఉండీ, ఆ పసుపుతాడు కొసలు ఎక్కడున్నాయో వెతుక్కుంటున్నాను. తల వంచుకున్న వరాలు నవ్వు ఆపుకుంటూ, "ఏటి బావా ఆలీసెం? దౌడి!" అని గొణిగింది.

పక్కనే ఉన్న మామయ్య చెవిన పడింది. ఏ చెవినో, ఎలా పడిందో మీకు చెప్పక్కర్లేదు. ఒక్క గెంతు గెంతి, అక్షింతల పళ్ళెం దాటి వీధిలో పడ్డాడు. ఆయన వెనక పాలేర్లు, వాళ్ళ వెనక చికిటి చుట్టాలంతా. ఆ అలజడికి మేళగాళ్ళు సమయమైందనుకుని గట్టిమేళం ఊదేశారు. ఖాళీ పందిట్లో, నవ్వుతో ఊగిపోతున్న పెళ్ళికూతురి మెడలో మూడు ముళ్ళూ వేశాను.

కనుక తాళ్ళకొట్టువాణ్ణి, తాడు మీద ఒట్టేసి చెబుతున్నాను. ఇక ఈ జన్మలో నిచ్చెనకు మించినదేదీ ఎక్కను. ఒకవేళ ఎక్కి ప్రాణం మీదికి తెచ్చుకున్నా, మా అమ్మ నీళ్ళిచ్చిన భాషలోనే అరుస్తాను.