మా వీధిని వ్యాపార ప్రాంతం చేసిన పెద్దమనుషులు

మా చిన్నప్పుడు... సాయంత్రం గొర్రెలు వీధిలోకి వచ్చాయంటే పిల్లలమంతా అరుగులెక్కి నిలబడేవాళ్ళం. గిద్దలూరులో స్టేషన్‌కు దగ్గర్లో సన్నటి వీధి మాది. మా వీధిలోనే ఉండే ఓబులమ్మ అవ్వ మంద ఆ దారినే వీధి మొదట్లోని తన దొడ్డికి చేరాలి. దుమ్ము, పెంటికల వాసన, తల్లుల కోసం గొర్రెపిల్లల అరుపులు... ఎవరూ ముక్కు మూసుకునేవారు కాదు. మా పెరట్లో బీరపాదులకు ఆ ఎరువే కదా!

ఎవరింట్లో పెళ్ళయినా వీధికి అడ్డంగా పందిరి పడేది. మంచాలు ఒకరివి, గుండిగలు ఇంకొకరివి... ఆ రోజు అవ్వ తన మందను ఊరి బయట నుంచి చుట్టు తిప్పి తోలుకొచ్చేది. ఎవరూ అడగకుండానే.

ఇక ఇప్పటి తెలివైనవాళ్ళ సంగతి చెబుతాను.

వీధి మొదట్లో పాత ఇళ్ళు కొన్న ఒక పెద్దమనిషికి అక్కడ ఫంక్షన్ హాలు కట్టాలనిపించింది. ఇళ్ళు మాత్రమే ఉండాల్సిన చోట హాలు కుదరదట. అయితే వీధినే మార్చేస్తే పోలేదా! మున్సిపల్ ఆఫీసులో కూర్చుని పటం మీద మా వీధిని వ్యాపార ప్రాంతం చేసేశారు. ఆ తర్వాత, అభ్యంతరాలుంటే వచ్చి చెప్పుకోమన్నారు... ఎంత మర్యాదో!

అర్జీ మీద వీధంతా సంతకాలు పెట్టి వెళ్ళాం. ముందుగా మా నాయన లేచాడు.

"ఎండాకాలం మా బోర్లు ఇప్పటికే ఎండిపోతున్నాయి సార్. ఆ హాలోళ్ళు ఇంకా లోతుకు బోరేస్తే మేమేం తాగాల?"

ఆఫీసరు ఫోనులోంచి తలెత్తలేదు. "అభివృద్ధి వద్దంటే ఎట్ల పెద్దాయనా?"

అప్పుడు ఓబులమ్మ అవ్వ కర్ర ఊతంతో ముందుకు వచ్చింది.

"నీ ఇల్లు యాడ నాయనా?"

"ఊరి బయట కొత్త కాలనీలో అవ్వా."

"ఆ హాలేందో మీ ఇంటి పక్కనే కట్టించుకోగూడదా?"

"ఆడ కుదరదవ్వా. ప్రశాంతంగా ఉండే కాలనీ అది. రూల్సు ఒప్పుకోవు."

ఇసుమంతైనా సిగ్గు లేకుండా అన్నాడా మాట.

"గొర్రెల్ని మేపుకుంటామని మమ్మల్ని కూడా గొర్రెలే అనుకుంటివా?" అంది అవ్వ.

ఆయన మళ్ళీ ఫోను చూసుకున్నాడు.

హాలు లేచింది. ప్రారంభం రోజు వీధి వీధంతటినీ భోజనానికి పిలిచారు. మాతో పాటు సంతకాలు పెట్టినవాళ్ళలో సగం మంది వెళ్ళి తిన్నారు. పనీరు కూర బ్రహ్మాండంగా ఉందని చెప్పుకున్నారు కూడా! ఆ ఆఫీసరు కన్నా వీళ్ళను తలచుకుంటేనే నాకు ఎక్కువ రోత.

మా నాయన భయపడినట్లే వేసవి రాకముందే మా బోరు ఎండిపోయింది. ట్యాంకరు కోసం బిందెలతో నిలబడుతున్నాం. ఇక పెళ్ళిళ్ళ రోజుల్లో వీధి నిండా కార్లే. ఒకసారి మంద వాటి మధ్య ఇరుక్కుపోతే, తన కారుకు గీత పడిందని ఒకాయన అవ్వను నోటికొచ్చినట్లు తిట్టాడు. అవ్వ కార్ల సందుల్లోంచి గొర్రెల్ని ఒక్కొక్కటిగా బయటికి తోలుకుంది. కొన్నాళ్ళకు మందను తోలుకుని కొమరోలులో కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది.

"పోయొస్తా తమ్ముడా" అంది మా నాయనతో. మళ్ళీ రాలేదు...

ఆమె దొడ్డి ఇప్పుడు హాలు వాళ్ళ జనరేటరు షెడ్డు.

ఇట్లాంటి పెద్దమనుషులకు ఎదురు నిలబడి, చివరిదాకా ఒక్క మాట మీద ఉండి గెలిచిన వీధి మీ ఊళ్ళో ఒక్కటైనా ఉందా? ఉంటే కింద రాయండి... అలాంటి మనుషులు ఇంకా ఎక్కడో మిగిలారని వినాలని ఉంది.