బాబాయిగారు చెప్పని ముగింపు

నేను ఇంటర్ పిల్లలకి ఫిజిక్సు చెబుతాను. ఎవరైనా దెయ్యం కథ మొదలుపెడితే మధ్యలోనే తగులుకుని, "అప్పుడు కరెంటుందా? మీకు జ్వరమేమైనా ఉందా?" అని అడిగి వాళ్ళ ఉత్సాహం మీద నీళ్ళు చల్లే రకాన్ని. ఇప్పటికీ అదే రకం. ఈ సంగతి ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పకపోవడానికి కారణం అదే. చెబితే ఆ అడ్డుప్రశ్నలన్నీ నన్ను నేనే వేసుకోవాలి.

తొంభైల చివర్లో రాజమండ్రిలో మా పక్కింట్లో ప్రభాకరంగారని ఒకాయన ఉండేవారు. టెలిఫోన్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. వీధిలో అందరికీ ఆయన బాబాయిగారు, వాళ్ళావిడ పిన్నిగారు. ఆయనకున్న పిచ్చల్లా ఒకటే, వింత సినిమాలు. డాబా మీద పెద్ద డిష్ పెట్టించి, దాన్ని అటూ ఇటూ తిప్పుతూ ఎక్కడెక్కడి దేశాల చానళ్ళో పట్టేవారు. కింద పిన్నిగారు టీవీ ముందు నిలబడి "వచ్చిందండీ... అయ్యో, పోయిందండీ!" అని అరుస్తుంటే వీధి చివరికి వినబడేది.

అలా దొరికిన సినిమాలు వీసీఆర్‌లో రికార్డు చేసి, కేసెట్టు మా ఇద్దరికీ ఇచ్చేవారు. ఒకరు నేను, రెండోవారు ఎదురింటి వసుంధరగారు. ఆవిడ స్కూల్లో లెక్కల టీచరు. ఒక సినిమాలో ఊరు ఊరంతా మేక పెళ్ళికి తరలివెళ్తుంది. ఇంకోదాంట్లో హోటలు సర్వరు తనకొచ్చిన తుమ్ముని చివరిదాకా ఆపుకుంటాడు. మా ఆయన వాటిని రెండు నిమిషాలు చూసి, "మీ ముగ్గురికీ ఏదో అయింది" అని లేచిపోయేవారు.

బాబాయిగారు ఒక నియమం పెట్టారు. ముగింపు ఎవరూ బయటపెట్టకూడదు. ముందు వసుంధరగారు, తర్వాత నేను, ఆఖర్న ఆయన. ముగ్గురం చూశాక ఆదివారం వాళ్ళ వరండాలో కాఫీలు తాగుతూ ఎవరి ముగింపు వాళ్ళం చెప్పాలి. ఆ సినిమాల భాష మాకెవరికీ రాదు కాబట్టి ఒక్కొక్కరికి ఒక్కోలా అర్థమయ్యేది. అసలు మజా అదేననేవారు ఆయన. నియమం తప్పితే నిజంగానే అలిగేవారు.

ఆ ఎండాకాలం వచ్చిన కేసెట్టులో సినిమాకి పేరు లేదు. మొదట్లో కాస్త పోయాక రికార్డింగు మొదలైంది. నలుపు తెలుపు. ఒక సన్నటి పొడుగాటి మనిషి భుజాన నిచ్చెన వేసుకుని ఊరంతా తిరుగుతుంటాడు. కనబడిన ప్రతి ఇంటికీ నిచ్చెన వేసి, ఎక్కి, కిటికీలోంచి తొంగిచూసి, కాదన్నట్టు తల అడ్డంగా ఊపి దిగిపోతాడు. ఒక ఇంట్లో పెళ్ళాం మొగుడి మీసం కత్తిరిస్తుంటుంది. ఇంకో ఇంట్లో ముగ్గురు లావుపాటి అన్నదమ్ములు ఒకే తొట్లో స్నానం చేస్తుంటారు. నేను పగలబడి నవ్వాను.

ఆఖరి ఇల్లు వచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాను. ఆ ఇంటికి నిచ్చెన వేసి, లోపలికి చూసి, అతను మొదటిసారి తల నిలువుగా ఊపాడు. దిగి, నిచ్చెన అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు. కెమెరా మెల్లగా కిటికీలోకి వెళ్ళింది. లోపల ఖాళీ పేము కుర్చీ. దాని కుడి చేతికి పూల గుడ్డ ఏదో చుట్టి ఉంది. అంతే, తెర నల్లబడిపోయింది.

మిట్టమధ్యాహ్నం. వీధిలో తాటిముంజల వాడు అరుస్తున్నాడు. అయినా లేచి గదిలో లైటు వేశాను. ఆ కుర్చీ ఎక్కడో చూశాననిపించింది గాని ఎక్కడో అందలేదు. కేసెట్టు ఇంట్లో ఉంచుకోబుద్ధి కాక అప్పుడే తీసుకెళ్ళి పిన్నిగారి చేతిలో పెట్టేసి వచ్చాను.

సాయంత్రం వసుంధరగారు వచ్చారు. గడప దగ్గరే నిలబడి, "ముగింపు చెప్పను. ఒక్కటి అడుగుతాను. ఆ కుర్చీలో ఆయన మొహం నీకు కనబడిందా? నాకు వీపొక్కటే కనబడింది" అన్నారు.

"కుర్చీలో ఎవరూ లేరు కదండీ" అన్నాను.

ఆవిడ మెట్టు మీద కూలబడ్డారు. "నేను చూసినప్పుడు ఉన్నారే. బట్టతల. మెడ వెనక ఇంత పుట్టుమచ్చ. ఆ కుర్చీ చేతికి చుట్టిన గుడ్డ పిన్నిగారి చీరే."

అప్పుడు అందింది నాకు. బాబాయిగారి వరండాలో పేము కుర్చీకి కుడి చెయ్యి ఊడితే పిన్నిగారు పాత చీరముక్కతో కట్టారు. ఏళ్ళ తరబడి ప్రతి ఆదివారం మేం చూస్తున్న కుర్చీ. ఆ బట్టతలా, మెడ మీద పుట్టుమచ్చా బాబాయిగారివే. ఎలాగైనా ఆయన్ని ఆ సినిమా చూడనివ్వకూడదని పక్కింటికి పరుగెత్తాం.

ఆయన ఆ కుర్చీలోనే కూర్చుని పేపరు చదువుతున్నారు. మమ్మల్ని చూడగానే రెండు చెవులూ మూసుకుని, "చెప్పద్దు, చెప్పద్దు! ఆదివారం!" అన్నారు నవ్వుతూ.

"బాబాయిగారూ, ఈ సినిమా మాత్రం మీరు చూడకండి" అన్నారు వసుంధరగారు.

"ఏం, బాగాలేదా?"

"అస్సలు బాగాలేదండీ. నాకు భయమేసింది."

"అయితే తప్పకుండా చూడాల్సిందేనమ్మా" అన్నారాయన, కళ్ళు మెరుస్తుంటే.

బాగాలేదంటే ఇంకెవరైనా మానేసేవారు. ఆయనకి అంతకన్నా ఊరించే మాట లేదు. వసుంధరగారు తెగించి, "కుర్చీలో ఉన్నది మీరేనండీ" అనేశారు. ఆయన పడీపడీ నవ్వారు. నియమం తప్పకుండా తనని ఆటపట్టించడానికి మేం కొత్త ఎత్తు వేశామనుకున్నారు.

మర్నాడు మధ్యాహ్నం ఆయన ఒక్కరే చూశారు. తర్వాత జరిగింది పిన్నిగారు చెప్పిందే. గదిలోంచి నవ్వులు వినబడుతూ వినబడుతూ ఆగిపోయాయట. బయటికొచ్చి, అంత ఉక్కలోనూ వీధివైపు కిటికీ మూసేయమన్నారట. కాసేపుండి, "మన గోడకి నిచ్చెన ఎవరేశారో చూడు" అన్నారట. ఆవిడ వెళ్ళి చూశారు. ఏమీ లేదు.

ఆ మర్నాడు పొద్దున్న ఆవిడ కాఫీ తెచ్చేసరికి ఆయన లోపల కిటికీ దగ్గరికి తెచ్చుకున్న ఆ పేము కుర్చీలోనే ఉన్నారు, వీధికి వీపు పెట్టి. పిలిస్తే పలకలేదు. డాక్టరు వచ్చి గుండె ఆగిపోయిందన్నారు. అంతకుముందు ఆయనకి గుండెజబ్బు ఉన్నట్టు ఎవరికీ తెలియదు.

నేను వెళ్ళేసరికి షామియానా వేసేవాళ్ళు వచ్చి ఉన్నారు. వాళ్ళల్లో ఒకతను, "ఈ నిచ్చెన ఎవరిదండీ, కాస్త వాడుకోవచ్చా?" అని అడిగాడు. వీధివైపు గోడకి, మూసిన కిటికీ పక్కన, పొడుగాటి వెదురు నిచ్చెన ఆనించి ఉంది. వసుంధరగారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. "వాడద్దు" అన్నాను.

డాబాకి మెట్లున్నాయి, ఆ ఇంట్లో నిచ్చెనతో పని లేదు. వీధంతా అడిగాం. కేబులు వాళ్ళని, కొబ్బరికాయలు దింపేవాళ్ళని కూడా అడిగాం. అందరూ తమది కాదన్నారు. కర్మలన్నీ అయిపోయాక ఒక పొద్దున్న చూస్తే అది లేదు. తీసుకెళ్ళినవాళ్ళని ఎవరూ చూడలేదు. ఆకతాయిలెవరో పెట్టి, వాళ్ళే తీసుకుపోయి ఉంటారని నాకు నేను చెప్పుకున్నాను. చెప్పుకున్నంత మాత్రాన నమ్మకం కుదరలేదు.

పిన్నిగారు ఆ సినిమా తనకీ చూపించమన్నారు. ఎంత చెప్పినా వినలేదు. భయపడుతూనే ముగ్గురం కూర్చున్నాం. నిచ్చెన మనిషి ఇల్లిల్లూ తిరిగాడు, మీసం కత్తిరింపు వచ్చింది, అన్నదమ్ముల స్నానం వచ్చింది. ఆఖరి ఇంటి దగ్గరా తల అడ్డంగానే ఊపి, నిచ్చెన భుజానేసుకుని, రోడ్డు మీద దూరంగా నడిచి వెళ్ళిపోయాడు. కుర్చీ లేదు. కిటికీలో మనిషి లేడు. టేపు ఎక్కడా తెగలేదు, అతికించిన గుర్తూ లేదు.

వసుంధరగారూ నేనూ చూసింది కలే అనుకుందామంటే, ఇద్దరికీ ఒకే కుర్చీ ఎలా వచ్చిందో నాకు తెలియదు. నేను చెప్పే ఫిజిక్సులో దీనికి జవాబు లేదు. ఇప్పటికీ కాలేజీ నుంచి వస్తూ వీధి మలుపు తిరగ్గానే ముందు మా గోడ వైపు చూస్తాను. అక్కడేమీ లేదని తేలేదాకా కాళ్ళు ముందుకు పడవు.

ఒక్కటి మాత్రం తెలుసుకోవాలని ఉంది. వసుంధరగారు వీపు చూశారు, నేను ఖాళీ కుర్చీ చూశాను. మరి ఆయన? అదే పిన్నిగారిని అడిగాను. ఆవిడా అడిగారట ఆ సాయంత్రమే, చివర్లో ఏం చూశారండీ అని.

"'చెప్పకూడదే, ఆదివారం చెప్తాను' అన్నారమ్మా" అన్నారావిడ.